వినోదమును విద్యయు: రాయపూరున రెండు నిదర్శనములు

చదువునకు వినోదము శత్రువని తలంచు తల్లిదండ్రులు నేడును పెక్కురు. ఆటపాటలకు పోయిన గడియ చదువున కొరవడిన గడియయని వారి లెక్క. ఈ లెక్క ఎంతవరకు నిలుచునో రాయపూరు నగర చరిత్రమున చూడవచ్చును.

1877వ సంవత్సరమున పదునాలుగేండ్ల నరేంద్రనాథుడు, తరువాతి కాలమున లోకము వివేకానందస్వామియని కొనియాడిన ఆ బాలుడే, తల్లితోను తోబుట్టువులతోను ఈ ఊరు చేరెను. తండ్రి విశ్వనాథదత్తు వృత్తిరీత్యా అచట నుండెను. అప్పటికి రాయపూరునకు రైలు లేదు. నాగపూరు వరకు రైలు. పిమ్మట పదునైదు దినములకు పైగా ఎడ్లబండి. అడవిదారిలో ఒక కొండచీలికయందు వ్రేలాడు పెద్ద తేనెపట్టును చూచి, ఆ ఈగల రాజ్యమును గూర్చి యోచించుచు బాలుడు బాహ్యస్మృతి కోల్పోయెనని జీవిత చరిత్రకారులు వ్రాసిరి.

రాయపూరున అతనికి తగిన పాఠశాల లేకుండెను. నేటివారి కిది పెద్ద ఆపదగా తోచును. విశ్వనాథుడు తానే గురువయ్యెను. పాఠ్యగ్రంథములతో ఆగక, ఇంటికి వచ్చు విద్వాంసుల గోష్ఠిలో కుమారుని కూర్చుండనిచ్చెను, వాదింపనిచ్చెను. సంగీతము, వంట, చదరంగము కూడ ఆ యింటి విద్యలే. చదరంగమున బాలుడు ఆరితేరినవారిని సైతము ఓడించెడివాడు. 1879లో కలకత్తాకు మరలి, వెనుకబడిన పాఠములను త్వరితముగా పూర్తిచేసి, ప్రవేశపరీక్షలో మొదటి తరగతిలో కృతార్థుడయ్యెను. ఇంట మొలకెత్తి, ఉస్తాదులకడ సాధనచే పదునెక్కిన పాటయే 1881లో అతనిని శ్రీరామకృష్ణుల సన్నిధికి చేర్చినది. సురేంద్రనాథ మిత్రుని ఇంట పాడుటకు పిలువబడియే అతడు గురుదేవులను తొలిసారి దర్శించెను. పాట నేర్చిన ప్రతి బాలుడును వివేకానందుడగునని ఎవరును చెప్పరు. కాని ఆ రెండేండ్లు వ్యర్థములని చెప్పుటయు కష్టమే.

ఇట్టి స్వేచ్ఛ విద్వాంసులు వచ్చిపోవు ఇంటి బిడ్డలకే చెల్లునా? ఆ నగరముననే 1923లో జన్మించిన హబీబ్ తన్వీరు నాటకరంగమున దీనికి సమాధానము దొరకును. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో రాత్రి తెల్లవార్లు ఆడు జానపద నాటకమును 'నాచా' యందురు. మన వీథిభాగవతమునకు దగ్గరి చుట్టము. అందు మోటుహాస్యము లేకపోలేదు. ఆ నటులను తన్వీరు తన నాటకములలోనికి తెచ్చి, మొదట వారిచేత నగరపు హిందీ పలికించెను. ఎవరెచట నిలువవలెనో, ఎప్పుడు కదలవలెనో తానే నిర్ణయించెను. పల్లెజనమును కడుపుబ్బ నవ్వించిన నటులు ఆ కట్టడిలో బిగుసుకొనిపోయిరి. లోపము వారియందు గాక తన పద్ధతియందున్నదని గ్రహించుటకు ఆయనకు ఏండ్లు పట్టెను. 1973లో రాయపూరున జరిపిన శిక్షణశిబిరమున వారిని తమ ఛత్తీస్‌గఢీ భాషలోనే పలుకనిచ్చి, సంభాషణలను అప్పటికప్పుడు కల్పింపనిచ్చెను. నటులకు ప్రాణము లేచివచ్చినది.

1975 నాటి 'చరణ్‌దాస్ చోర్' ఆ మార్గమున పుట్టినదే. ఒక దొంగ గురువునెదుట వేళాకోళముగా కొన్ని ప్రతిజ్ఞలు చేయును; గురువు అబద్ధమాడననునది మరియొకటి చేర్పించును. తుదకు రాణి వలచి వచ్చినను అతడు అంగీకరింపడు. ఆ మాట యెవరికిని చెప్పవద్దని ఆమె వేడుకొనును. దానికిని ఒప్పుకొనలేక ప్రాణము వదలును. సత్యవ్రతమును గూర్చిన ఉపన్యాసమునకు రాని జనము ఈ దొంగకథకు విరుగబడి వచ్చిరి. 1982లో ఎడింబరో నాటకోత్సవమున దానికి బహుమానము లభించినది. ఆడినవారిలో పెక్కురు బడిచదువు అంతంతమాత్రమైన పల్లెవారు.