మామగారి బ్యాటరీ లైటు

ఏమ్మా, మళ్ళీ కరెంటు పోయిందా? ఫోను వెలుతురులోనే పెరట్లోకి వెళ్ళొచ్చావా? ఒక చేతిలో చెంబు, ఇంకో చేతిలో ఫోను. మన కే.వి.కుప్పంలో కొబ్బరి మట్టల కింద ఏం దూరి ఉంటుందో ఎవరు చూశారు? ఆ ఫోను తొట్లో పడితే ఇంకేమన్నా ఉందా! రా, ముందు కూర్చుని టీ తాగు.

మీ మామగారి స్టీలు బ్యాటరీ లైటు బీరువా మీద అలాగే ఉంది కదా? పారేద్దామంటే ఆయన చిన్నబుచ్చుకుంటారు, వాడదామంటే సెల్లులు కొనలేక చస్తున్నామని నువ్వే అన్నావు. సెల్లుల్ని తినేది లైటు కాదమ్మా, లోపలి బల్బు. తీగ భగభగా కాలితే గానీ దానికి వెలుగు రాదు. మన డబ్బంతా వేడికే పోతోంది. అలాంటి బల్బు 300 మిల్లీ ఆంపియర్లు లాగితే, చిన్న తెల్ల ఎల్ఈడీకి 20 చాలు. పదిహేనో వంతు! బల్బు ఒక్కటి మారిస్తే సరిపోయేదానికి లైటునెందుకు తిట్టుకోవడం?

అలాగని ఏదో ఒక ఎల్ఈడీ తెచ్చి దూర్చేయకు. నేనూ ఒకసారి అలాగే చేసి, మిణుగురు పురుగంత వెలుగు చూసి ఉసూరుమన్నాను. తెల్ల ఎల్ఈడీకి 3 వోల్టులు దాటి కావాలి. రెండు సెల్లులు కొత్తలోనే 3 ఇస్తాయి, వాడేకొద్దీ దిగిపోతాయి. అందుకని గుడియాత్తం వెళ్ళినప్పుడు పాత బల్బును పర్సులో వేసుకెళ్ళు. 'దీని చోట పెట్టేది, రెండు సెల్లులకి' అని అడుగు. అలాంటి వాటిలో వోల్టేజీ పెంచే బుల్లి సర్క్యూటు కడుపులోనే ఉంటుంది. నీ బల్బు మర తిప్పేదా, అంచు మీద కూర్చునేదా అన్నది షాపులోనే తేలిపోతుంది. మూడు సెల్లుల లైటైతే విడి ఎల్ఈడీకి 68 ఓముల రెసిస్టరు కలిపి అతికించినా పనవుతుంది. పొడుగు కాలే ప్లస్సు. టంకం పెట్టడం నీ వల్ల కాదులే, మీ తమ్ముడికివ్వు.

బిగించాక వెలగలేదనుకో, కంగారుపడకు. సెల్లులు తిరగేసి పెట్టావేమో చూడు. పాత బల్బు ఎటు పెట్టినా వెలిగేది, ఇది అలా ఒప్పుకోదు. స్ప్రింగు మీద తెల్లటి పొడి పేరుకుందా? పొడిగుడ్డతో తుడిచి, గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్దు. కొత్త సెల్లుకు పాత సెల్లు జత చేయకు, తల్లీ, ఆ పిసినారితనం వద్దు.

ఒకటి మాత్రం ముందే చెప్తున్నా. ఎల్ఈడీ ముందుకే వెలుగు చిమ్ముతుంది కాబట్టి, బల్బు చుట్టూ ఉండే అద్దపు గిన్నెకు పెద్దగా పనుండదు. కొబ్బరిచెట్టు మొవ్వు దాకా కొట్టే వెలుగు రాకపోవచ్చు. మనకు కావలసింది కాలి ముందరి నేల కదా! వైకాశి నెల మొదటి రోజున గుడియాత్తం గంగమ్మ శిరసు తిరునాళ్ళ నుంచి పొద్దుపోయి తిరిగొచ్చేటప్పుడు అంతకన్నా ఏం కావాలి?

మామగారు 'ఇదేం బొమ్మ బల్బు' అంటే, ఈ తెల్ల వెలుగుకు మూలమైన నీలి ఎల్ఈడీని సాధించిన ముగ్గురికి 2014లో నోబెల్ ఇచ్చారని చెప్పు. అయినా మూతి ముడుచుకుంటే, వెనక మూత విప్పి చూపించు. పాత లైట్లలో చాలావాటికి స్ప్రింగు మధ్య అదనపు బల్బు దాచుకునే గూడు ఉంటుంది. ఆయన బల్బును తీసి, ఆయన చూస్తుండగానే అందులో పెట్టు.