చేయి కదలకున్నను మనిషి వినుచున్నాడు



పక్షవాతము మన ప్రతి పల్లెకును తెలిసిన వ్యాధియే. అయితే పడిపోయినది చేయి, చెడినది మెదడు అను సంగతి అనేకులకు తెలియదు. ఈ నెల పాఠములో దానిని నేర్చుకొందము.

1. ఆజ్ఞ మెదడులో పుట్టును. కోస్గి చేలలో జొన్న కోయు స్త్రీ కొడవలి ఎత్తవలెనని తలంచగా, మెదడు పైభాగమున ఒక చెవినుండి రెండవ చెవివైపునకు అడ్డముగా నున్న పట్టీనుండి ఆజ్ఞ బయలుదేరును. అది మెదడు అడుగున ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు దాటి, వెన్నుపాములో దిగి, నరముల ద్వారా కండరమును చేరును. చిన్నమెదడు ఆ కదలిక తూలకుండ సరిచేయును. కావున ఎడమ మెదడునకు రక్తము ఆగిన యెడల కుడి చేయి, కుడి కాలు పడిపోవును. పెక్కుమందికి మాటయు ఎడమ మెదడులోనిదే గనుక తరచుగా మాటయు పోవును.

2. దారి చెడినను కదలిక ఆగును. 1955లో డాక్టరు సిద్దిఖీ నల్లగొండ జిల్లాలోని ఫ్లోరైడు వ్యాధినిగూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. ఫ్లోరైడు మిక్కుటమైన నీళ్లను ఏండ్ల తరబడి త్రాగినవారిలో కొందరికి వెన్నెముక మందమై, లోపలి వెన్నుపామును నొక్కును. మెదడు ఆజ్ఞ ఇచ్చుచునే యుండును గాని అది కాళ్లకు చేరదు. అట్టివారి తెలివికి దానివలన కొరత లేదు.

3. స్పృహ వేరు, కదలిక వేరు. మనలను మేలుకొలిపి యుంచు భాగము మెదడు కాండము పైభాగమున నున్నది. అది చెడనంతవరకు, నోరు పెగలని రోగియు వినుచు గ్రహించుచు నుండవచ్చును. కాబట్టి వాని మంచముప్రక్కను చావు మాటలు, పొలము పంపకముల మాటలు ఆడకుడి. వరుసపెట్టి పిలువుడి. అవునని చెప్పుటకు ఒకమారు కన్ను మూయుమని అడిగి చూడుడి.

ఇక చేయవలసినదేమి? మూతి వంకరపోయి, చేయి జారిపోయి, మాట తడబడిన యెడల చేతబడియని తలంచి మంత్రగానియొద్దకు పోకుడి. పావురపు నెత్తురు పూయుచు దినము పోగొట్టకుడి. వెంటనే 108కి ఫోను చేయుడి. ఎన్ని గంటలకు ఆరంభమైనదో గురుతుంచుకొని డాక్టరుతో చెప్పుడి. రక్తనాళములో గడ్డ అడ్డుపడినదని స్కానులో తేలిన యెడల దానిని కరిగించు సూదిమందు గలదు. అది సాధారణముగా నాలుగున్నర గంటలలోపుననే ఇయ్యవలెను. మ్రింగుట కష్టమై యుండును గనుక నోట నీళ్లైనను పోయకుడి.

మార్కు సువార్త రెండవ అధ్యాయములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసికొనివచ్చి, త్రోవ లేకపోగా ఇంటికప్పును విప్పిరి.

ఆలోచించుటకు: మీ పల్లెలో నడిరాత్రి ఒకరికి పక్షవాతము వచ్చిన యెడల, ఆ నలుగురు ఎవరు?