సూర్యరశ్మితో జలశుద్ధి

నీటిలోని మట్టిని వడపోయవచ్చును. సూక్ష్మజీవులను కాచి చంపవచ్చును. కాని అద్దకపు రంగులు, ఔషధ రసాయనములు నీటిలో కరిగియుండుటచే సామాన్యమైన వడపోతకు లొంగవు. హైదరాబాదు సమీపమందలి పటాన్‌చెరులో, ఔషధ పరిశ్రమల వ్యర్థజలమును శుద్ధి చేయు కేంద్రము నుండి వెలువడిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ ఔషధము లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. ఇట్టి మొండి మాలిన్యములను విచ్ఛిన్నము చేయుటకు శాస్త్రజ్ఞులు వెదకుచున్న మార్గములలో కాంతి ఉత్ప్రేరణము ఒకటి.

తాను తరిగిపోక రసాయన చర్యను త్వరితపరచు పదార్థమే ఉత్ప్రేరకము. గోడలకు వేయు తెల్ల రంగులలో వాడు టైటానియం డయాక్సైడ్, కాంతి సోకినపుడు ఉత్ప్రేరకమగును. దానిపై కాంతి ప్రసరింపజేసి నీటిని విడదీయవచ్చునని జపాను శాస్త్రజ్ఞులు ఫుజిషిమా, హోండా 1972లో ప్రకటించిరి. 1977లో ఫ్రాంక్, బార్డ్ అనువారు దాని సాయముతో నీటిలోని సయనైడును ఆక్సీకరింపవచ్చునని చూపిరి.

కాంతి తాకగానే ఈ అర్ధవాహకములోని ఎలక్ట్రాను పై శక్తిస్థాయికి లేచును. అది విడిచిన చోట ధనావేశము గల ఖాళీ ఏర్పడును. ఎలక్ట్రానును నీటిలో కరిగిన ఆక్సిజన్ గ్రహించును. ఖాళీ నీటి నుండి హైడ్రాక్సిల్ స్వేచ్ఛా ప్రాతిపదికను పుట్టించును. మిక్కిలి చురుకైన ఈ ప్రాతిపదిక మాలిన్యపు అణువులను ముక్కలు చేయును. చర్య పూర్తియైనచో కార్బన్ డయాక్సైడ్, నీరు, కొన్ని లవణములు మాత్రమే మిగులును.

ఇందు మూడు ఆటంకములు కలవు. మొదటిది కాంతి. అనటేజ్ రూపములోని టైటానియం డయాక్సైడ్‌కు 3.2 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి, అనగా అతినీలలోహిత కాంతి కావలెను. భూమిని చేరు సూర్యకాంతిలో అది నూటికి సుమారు 4, 5 వంతులు మాత్రమే. దృశ్యకాంతిని కూడ వినియోగించుటకు 2001లో అసాహి బృందము నైట్రోజన్‌ను చేర్చి చూపినది. 2.4 ఎలక్ట్రాన్ వోల్టులు చాలిన బిస్మత్ వనడేట్ వంటి పదార్థములును పరిశీలనలో ఉన్నవి. రెండవది, విడిపోయిన ఎలక్ట్రాను, ఖాళీ తిరిగి కలిసిపోవుట. వెండి లేక ప్లాటినం రేణువులను ఉపరితలమున అతికించినచో అవి ఎలక్ట్రానులను పట్టియుంచును. అయితే చేర్చిన పదార్థము మితిమీరినచో అదియే వాటి కలయికకు స్థానమగును. మూడవది, సన్నని పొడిని నీటి నుండి తిరిగి తీయుట. పొడిని గాజుపై పూతగా వేసినచో ఈ చిక్కు తీరును గాని, నీటిని తాకు ఉపరితలము తగ్గును.

విద్యార్థులు ముఖ్యముగా గ్రహింపవలసినది మరొకటి కలదు. ప్రయోగశాలలలో మిథిలీన్ బ్లూ అను నీలి రంగు వెలిసిపోవుటను బట్టి ఉత్ప్రేరకము గుణమును నిర్ణయించుట పరిపాటి. కాని రంగు ఉత్ప్రేరకమునకు అంటుకొనియు తగ్గవచ్చును. రంగులేని రూపమునకు మారియు మాయము కావచ్చును. తానే కాంతిని గ్రహించి విరిగిపోవచ్చును. కావున మొదట చీకటిలోను, పిదప ఉత్ప్రేరకము లేకుండ వెలుతురులోను అదే ప్రయోగము చేసి పోల్చవలెను. చివరకు నీటిలో మిగిలిన మొత్తము కర్బన పదార్థమును కొలవవలెను. నీరు తేటపడుట వేరు, శుద్ధియగుట వేరు. ఔషధపు అణువు సగము విరిగి ఆగినచో, ఆ ముక్కలును హానికరములు కావచ్చును.

కొత్త ఉత్ప్రేరకమును గూర్చి చదువునపుడు "రంగు ఎంత త్వరగా పోయినది?" అని కాక, "నీటిలో ఏమి మిగిలినది?" అని ప్రశ్నింపవలెను. ఆ నీరు త్రాగువారికి కావలసిన సమాధానమదియే.