తెల్లని కొండ నేర్పు పాఠము



కృష్ణగిరి అనగా నల్లని కొండ. సముద్రముల కావల, హవాయి దీవులలో మౌనా కెయా అను కొండ గలదు. ఆ దీవివాసుల భాషలో ఆ పేరునకు అర్థము తెల్లని కొండ. మన కుటుంబముల పిల్లలు అనేకులు అమెరికాలో పనిచేయుచు సెలవులకు ఆ దీవులకు వెళ్లుచున్నారు. ఉదయము సముద్రస్నానము చేసి, మధ్యాహ్నము కారులో కొండెక్కి మంచుమీద జారి ఆడవచ్చునని విని ఉత్సాహపడుదురు. అది నిజమే. అయితే ప్రమాదమును ఆ తొందరలోనే ఉన్నది. గనుక ఈ పాఠమును పెద్దలును యౌవనస్థులును కలిసి చదువుడి.

1. ఉష్ణదేశములో మంచు ఏలాగు?

మౌనా కెయా అగ్నిపర్వతము. అది చివరిగా ప్రేలి సుమారు 4,500 సంవత్సరములైనది. మన కృష్ణగిరి రాయి సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. ఆ కొండ వయస్సు సుమారు 10 లక్షల సంవత్సరములే. దాని ఎత్తు సముద్రమట్టమునుండి సుమారు 4,200 మీటర్లు. సముద్రపు అడుగునుండి కొలిచినయెడల 10,000 మీటర్లు దాటును.

కావేరిపట్టణమునుండి హోసూరు చేరగానే గాలి చల్లబడుట మనమెరుగుదుము. ప్రతి 1,000 మీటర్ల ఎత్తునకు వేడి సుమారు 6 డిగ్రీలు తగ్గును. తీరమున 25 డిగ్రీలున్న దినమున శిఖరమున నీరు గడ్డకట్టుటకు కారణమిదే. అందుచేత చలికాలపు తుపాను వచ్చినప్పుడు అక్కడ మంచు కురియును. స్థానికులు ట్రక్కులలో ఆ మంచును నింపుకొని క్రిందికి తెచ్చి, సముద్రపుటొడ్డున పిల్లలకు ఆటవస్తువుగా ఇచ్చుట వాడుక.

2. ఎందుకు మధ్యలో ఆగవలెను?

సుమారు 2,800 మీటర్ల ఎత్తున సందర్శకుల కేంద్రము గలదు. 1986 జనవరి 28న చాలెంజరు ప్రమాదములో మరణించిన వ్యోమగామి ఎలిసన్ ఒనిజుకా ఆ దీవిలో పుట్టినవాడు. ఆ స్థలమునకు ఆయన పేరు పెట్టిరి. అక్కడ కనీసము అరగంట ఆగవలెనని చెప్పుదురు. శిఖరమున గాలి ఒత్తిడి తీరమునందున్న దానిలో సుమారు 60 శాతమే. కావున ప్రతి ఊపిరికి దొరకు ప్రాణవాయువును అంతే తగ్గును.

తలనొప్పి, వాంతి, తల తిరుగుట, ఆయాసము మొదటి గురుతులు. ఇవి ముదిరిన ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును, మెదడు వాయవచ్చును. అప్పుడు మొదటి మందు ఒక్కటే: వెంటనే క్రిందికి దిగుట. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు గలవారు, గర్భిణులు, చిన్నపిల్లలు కేంద్రము దాటి పైకి పోరాదు. గాలి సిలిండరుతో సముద్రగర్భములో ఈదినవారు 24 గంటలలోపల ఎక్కరాదు.

3. బండి, దారి, జారుట

కేంద్రము దాటిన తరువాత దారి నిటారైనది, కొంతమేర కంకరదారి. నాలుగు చక్రములకును బలమందు బండియే కావలెను. దిగునప్పుడు తక్కువ గేరులో రావలెను. బ్రేకుమీదనే కాలు పెట్టినయెడల అది కాగి పట్టు విడుచును. మంచు గడ్డకట్టినప్పుడు కాపలావారు దారి మూసివేయుదురు. వారితో వాదించుట తెలివి కాదు.

పైన జారువారిని ఎక్కించు యంత్రము లేదు, హోటలు లేదు, రక్షకదళము లేదు. స్నేహితులలో ఒకరు బండి నడిపి క్రింద వేచియుందురు. మిగిలినవారు జారి వచ్చి బండెక్కుదురు. తరువాత వంతు మారును. ఎవరి వంతు వారు మానినయెడల ఆట సాగదు. పలుచని మంచుక్రింద వాడియైన అగ్నిశిలలున్నవి. పడినవాని చర్మము చీలిపోవును.

4. ఆ కొండ ఎవరిది?

మంచు దేవతయగు పొలియాహు ఆ శిఖరమున నివసించునని అక్కడి పూర్వికుల నమ్మకము. వారు ఆ ఎత్తుననే గట్టి నల్లరాయిని తవ్వి బాడిసెలు చేసికొనిరి. రాతిగనుల మధ్య బ్రదుకు మనకు ఆ శ్రమ తెలియనిది కాదు. నేడు శిఖరమున టెలిస్కోపులున్నవి. 30 మీటర్ల మరియొక టెలిస్కోపు కట్టుటలో మన దేశము 2014లో భాగస్వామిగా చేరినది. అయితే 2015లోను 2019లోను స్థానికులు దారికి అడ్డముగా నిలిచి, ఇది మా పవిత్రస్థలమని చెప్పిరి. వారి నమ్మకము మనది కాకపోవచ్చును. అయినను పరాయి ఊరిలో స్థిరపడిన మనము, ఒక జనము తమ నేలను ఎట్లు ప్రేమించునో ఎరిగినవారము. ఇతరులు గౌరవించు చోట చెత్త పడవేయుట, కేకలు వేయుట తగదు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మధ్యలో ఆగుట ఆలస్యమా, రక్షణయా?
2. తలనొప్పి వచ్చినవాడు స్నేహితులకొరకు దానిని దాచినయెడల ఎవరికి నష్టము?
3. మీ స్నేహితులలో క్రింద వేచియుండు వంతు ఎల్లప్పుడు ఎవరిమీద పడుచున్నది?
4. మీ పిల్లలు దూరదేశమునుండి తమ ప్రయాణమును గూర్చి ఫోనుచేసినప్పుడు, ఖర్చుకంటె ముందుగా ఏమి అడుగుదురు?