రెండిళ్ల మధ్య బ్యాకప్: బోరబండ నుంచి విదేశం వెళ్లేవారి ఇంటి కంప్యూటర్

హైదరాబాద్‌లోని బోరబండ నుంచి అమెరికాకో కెనడాకో జర్మనీకో వెళ్లిన కుటుంబానికి సాధారణంగా కంప్యూటర్లు రెండు చోట్ల ఉంటాయి. కొత్త లాప్‌టాప్ వెళ్లినవారి బ్యాగులో, పాత డెస్క్‌టాప్ ఇక్కడ అమ్మానాన్నల దగ్గర. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక, 2003లో ఎంఎంటీఎస్ రైళ్లు మొదలయ్యాక, హైటెక్ సిటీకి ఒక్క స్టేషన్ దూరంలో ఉన్న ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలోకి కంప్యూటర్ వచ్చింది. దానితోపాటే ఇంటి కాగితాలన్నీ అందులోకి చేరాయి: టెన్త్ మెమో మొదలు బీటెక్ మార్కుల సీఎంఎం దాకా స్కాన్లు, ఇంటి సేల్ డీడ్, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ), పెళ్లి వీడియో, పోయిన తాతయ్య ఫొటోలు. వీటిలో చాలావాటికి ఉన్నది ఒకే ఒక్క కాపీ. దూరంగా మరోచోట ఇంకో కాపీ ఉండాలన్నది బ్యాకప్‌లో ముఖ్యమైన నియమం. ఒకే ఇల్లున్నవాళ్లు ఆ రెండో చోటు కోసం ఏటా డబ్బు కట్టాల్సి వస్తుంది. సముద్రానికి అటొకటి ఇటొకటి ఇల్లున్న కుటుంబానికి అది ఖర్చు లేకుండానే ఉంది.

ఏం కొనాలో తేల్చుకునే ముందు ఎంత దాచాలో చూసుకోవాలి. కంప్యూటర్‌లో ఉన్నదంతా దాచాల్సిన పని లేదు. విండోస్, ఆఫీసు సాఫ్ట్‌వేర్, డౌన్‌లోడ్ చేసిన సినిమాలు మళ్లీ దొరుకుతాయి. మళ్లీ దొరకనివి మూడు రకాలు: కాగితాల స్కాన్లు, ఫొటోలు వీడియోలు, ఇంట్లోవాళ్లు సొంతంగా తయారుచేసిన ఫైళ్లు. మొదటి రకం ఎంత పెద్ద కుటుంబానికైనా కొన్ని జీబీలు మించదు. మూడోదీ చిన్నదే. బరువంతా రెండోదాంట్లో ఉంటుంది, అందులోనూ పెళ్లి వీడియోల్లో. వీడియోగ్రాఫర్ ఇచ్చిన పెన్ డ్రైవ్‌నే కాపీగా లెక్కేసుకుని బీరువాలో పెట్టేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఏళ్ల తరబడి కరెంటు అందని ఫ్లాష్ మెమరీలో డేటా చెదిరిపోవచ్చు కాబట్టి ఆ పెన్ డ్రైవ్‌లోది ముందుగా హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలి.

తెలుగు ఇళ్లలో తరచూ మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ఇంట్లో ఎవరైనా డీటీపీ పని చేసి ఉంటే పాత పేజ్‌మేకర్ ఫైళ్లు అను ఫాంట్లలో ఉంటాయి. అవి యూనికోడ్ కావు. ఫైలు భద్రంగా ఉన్నా, ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. అందువల్ల ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా ఫైళ్ల పక్కనే కాపీ చేసి, ప్రతి ఫైలుకూ ఒక పీడీఎఫ్ తీసి ఉంచాలి. పాత డెస్క్‌టాప్ ఇంకా పనిచేస్తున్నప్పుడే ఇది పూర్తిచేయాలి. అది మూలన పడ్డాక ఆ పాత సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించడం పెద్ద తలనొప్పి.

బ్యాకప్‌కు ప్రపంచమంతా చెప్పుకునే కొలత 3-2-1. దాన్ని ఆ పేరుతో ప్రచారంలోకి తెచ్చినవాడు అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్. డేటాకు మూడు కాపీలు, రెండు వేర్వేరు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. బోరబండ కుటుంబానికి ఇది ఇలా కుదురుతుంది: అసలు ఫైళ్లు కంప్యూటర్‌లో, రెండో కాపీ బీరువాలోని హార్డ్ డిస్క్‌లో, మూడోది సముద్రం అవతలి ఇంట్లో. ముఖ్యమైన కాగితాల వరకు క్లౌడ్‌లో నాలుగోది.

అయితే ఆ క్లౌడ్‌నే బ్యాకప్ అనుకోకూడదు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ లాంటివి ప్రధానంగా సింక్ సేవలు. కంప్యూటర్‌లో ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయితే క్లౌడ్‌లోనూ పోతుంది. చెత్తబుట్టలో కొన్నాళ్లు మాత్రమే మిగులుతుంది. వైరస్ ఫైళ్లకు తాళం వేస్తే ఆ తాళం పడిన ఫైళ్లే పైకి చేరతాయి. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన అలాంటి వైరస్ వన్నాక్రై ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లను కూడా తాకింది. అలాంటి దాడి నుంచి ఖాయంగా బయటపడేది వైరు పీకేసి పక్కన పెట్టిన డిస్కే. ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచిన డిస్క్‌ను బ్యాకప్ అనుకోవడం భ్రమ.

ఖర్చులో ఎక్కువ భాగం హార్డ్ డిస్క్‌దే. ఒక టీబీ సామర్థ్యమున్న చిన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ మామూలు ఇంటికి సరిపోతుంది. రెండు టీబీల ధర దానికి రెట్టింపు ఉండదు గనుక పెళ్లి వీడియోలున్న ఇంటికి అదే లాభం. రెండున్నర అంగుళాల డిస్క్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. మూడున్నర అంగుళాలదానికి విడిగా అడాప్టర్ కావాలి, దేశం మారితే ప్లగ్గూ మార్చుకోవాలి. కాబట్టి ప్రయాణానికి చిన్నదే నయం. కొనడానికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, నగరంలో పేరున్న కంప్యూటర్ మార్కెట్. ధర అక్కడా ఆన్‌లైన్‌లోనూ చూసి, బిల్లు, వారంటీ కార్డు ఉన్నదే తీసుకోవాలి. ఎస్ఎస్‌డీ వేగంగా నడుస్తుంది, కిందపడినా తట్టుకుంటుంది. అయితే బీరువాలో నెలల తరబడి ఊరికే పడి ఉండే కాపీకి పాతకాలపు తిరిగే డిస్కే చవక, ఆ పనికి అదే తగినది.

ఆన్‌లైన్‌లో వెయ్యి, రెండు వేల రూపాయలకు 16 టీబీ ఎస్ఎస్‌డీ అంటూ కనిపించేవి నకిలీలు. లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి, కంప్యూటర్‌కు మాత్రం పెద్ద అంకె చూపించేలా మార్చి అమ్ముతారు. ఫైళ్లు ఎక్కుతున్నట్టే కనిపిస్తాయి, తెరిచేటప్పుడు ఉండవు. కొత్త డిస్క్‌ను హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఒక రాత్రంతా పరీక్షిస్తే బండారం బయటపడుతుంది. ఒక టీబీ డిస్క్‌లో 931 జీబీయే కనిపించడం మాత్రం మోసం కాదు. కంపెనీ వెయ్యితో లెక్కకడుతుంది, విండోస్ 1024తో లెక్కకడుతుంది.

ఇంతకంటే చవకైన దారి పాత లాప్‌టాప్‌లోంచి తీసిన హార్డ్ డిస్క్. కొన్ని వందల రూపాయలకు దొరికే యూఎస్‌బీ కేసింగ్‌లో పెడితే అది ఎక్స్‌టర్నల్ డిస్క్ అయిపోతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో దాని ఆరోగ్యం చూడాలి. అక్కడ 'కాషన్' అని పసుపు రంగు కనిపిస్తే ఆ డిస్క్‌ను నమ్మకూడదు. బాగున్నా సరే, వయసు మళ్లిన డిస్క్ రెండో కాపీగానో మూడో కాపీగానో పనికొస్తుంది తప్ప దానిమీదే భారం వేయలేం.

కాపీ చేసే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టనక్కర్లేదు. విండోస్‌లో ఫైల్ హిస్టరీ, మ్యాక్‌లో 2007 నుంచి టైమ్ మెషీన్, లైనక్స్‌లో డేజా డప్ ఉన్నాయి. ఈ మూడూ ఫైలు పాత రూపాలను కూడా దాచి ఉంచుతాయి. నిన్నటి రెజ్యూమె మీద ఇవాళ్టిది సేవ్ అయిపోయినా నిన్నటిది తిరిగొస్తుంది. ఇంట్లో విండోస్, మ్యాక్ రెండూ ఉంటే మామూలు కాపీలకు డిస్క్‌ను ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేస్తే రెండింటిలోనూ తెరుచుకుంటుంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. బోరబండలో ఉండిపోయే డెస్క్‌టాప్ చాలాసార్లు అదే రకం. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిన కంప్యూటర్‌కు విడిగా పెట్టిన కాపీ మరీ అవసరం. పాస్‌పోర్టు, ఆధార్, బ్యాంకు కాగితాలున్న డిస్క్ విమానంలో ప్రయాణిస్తుంది కనుక దానికి ఎన్‌క్రిప్షన్ తాళం వేయాలి. విండోస్ ప్రోలో బిట్‌లాకర్ ఉంది, హోమ్ ఎడిషన్‌వారికి ఉచితంగా వెరాక్రిప్ట్ ఉంది. డిస్క్‌ను చెకిన్ సూట్‌కేసులో వేయకుండా చేతి బ్యాగులో, లాప్‌టాప్ ఉన్న బ్యాగు కాకుండా వేరొకదానిలో పెట్టుకోవాలి. ఒక బ్యాగు పోతే రెండూ పోకూడదు.

క్లౌడ్ విషయంలో పని ఇక్కడుండగానే మొదలుపెట్టడం మేలు. హైదరాబాద్‌లో చాలా ఫైబర్ కనెక్షన్లు అప్‌లోడ్‌కూ డౌన్‌లోడ్‌కూ ఒకే వేగం ఇస్తాయి. అమెరికా అపార్ట్‌మెంట్లలో కేబుల్ ఇంటర్నెట్ ఉన్నచోట డౌన్‌లోడ్ ఎంతున్నా అప్‌లోడ్ పది, ఇరవై ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోవడం మామూలే. 300 జీబీ పైకి పంపడానికి 100 ఎంబీపీఎస్‌లో సుమారు 7 గంటలు పడితే 10 ఎంబీపీఎస్‌లో దాదాపు 3 రోజులు పడుతుంది. కొన్ని ప్లాన్లకు నెలవారీ డేటా పరిమితి కూడా ఉంటుంది.

ఉచితంగా వచ్చేది గూగుల్‌లో 15 జీబీ, మైక్రోసాఫ్ట్‌లో 5, యాపిల్‌లో 5. గూగుల్ ఇచ్చే 15 జీబీని జీమెయిల్, డ్రైవ్, ఫొటోలు పంచుకుంటాయి. ఫొటోలకు పరిమితి లేని ఉచిత చోటు 2021 జూన్ 1తో పోయింది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోకే లెక్క. కుటుంబ గ్రూపుల్లో రోజూ వచ్చిపడే గుడ్ మార్నింగ్ బొమ్మలు సర్టిఫికెట్ల చోటును తినేస్తున్నాయన్నమాట. కోటా నిండితే కొత్త మెయిళ్లు కూడా ఆగిపోతాయి. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఇది చిన్న నష్టం కాదు. కాగితాలు మాత్రమే అయితే ఉచిత చోటు చాలు. ఫొటోలు కూడా కావాలంటే గూగుల్ 100 జీబీ ప్లాన్ అమెరికాలో నెలకు రెండు డాలర్ల లోపే ఉంటూ వచ్చింది. మైక్రోసాఫ్ట్ 365 ఫ్యామిలీలో ఆరుగురి వరకు తలా ఒక టీబీ వస్తుంది. బ్యాక్‌బ్లేజ్ లాంటి అసలైన బ్యాకప్ సేవకు ఒక్కో కంప్యూటర్‌కు ఏడాదికి 99 డాలర్లు ఖర్చవుతుంది. అవతలి ఇంట్లో ఒక డిస్క్ పెట్టగలిగిన కుటుంబానికి మొదటి సంవత్సరం ఈ చివరిది అనవసరం. గూగుల్ ప్లాన్‌ను కుటుంబంతో పంచుకోవాలంటే అందరూ ఒకే దేశంలో ఉండాలన్న షరతు ఉంది. డాలస్‌లో కొన్న ప్లాన్‌ను బోరబండలోని నాన్నతో పంచుకుందామంటే ఈ షరతు అడ్డం వస్తుంది.

కొత్తగా వెళ్లినవారికి డిస్క్ చెడిపోవడం కంటే ముందు ఎదురయ్యే చిక్కు ఓటీపీ. ఖాతాలన్నీ భారతీయ నంబరుకు కట్టి ఉంటాయి. 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే ఆపరేటర్ ఆ నంబరును ఆపేయవచ్చు. ఆ తర్వాత క్లౌడ్‌లో ఫైళ్లు ఎంత భద్రంగా ఉన్నా లోపలికి వెళ్లే దారి ఉండదు. డిజీలాకర్‌దీ అదే పరిస్థితి, దానికి ఆధార్‌కు కట్టిన నంబరు కావాలి. విమానం ఎక్కకముందే ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోవాలి, గూగుల్ ఇచ్చే బ్యాకప్ కోడ్లను ప్రింట్ తీసి రెండిళ్లలోనూ ఉంచాలి, సిమ్‌కు చిన్న రీచార్జ్ నడిచేలా చూడాలి. ఎన్ఆర్ఐ అయ్యాక మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చుకోవాలి కాబట్టి పాత డెబిట్ కార్డు మీద పెట్టిన ఆటోపే ఆగిపోయే అవకాశం ఉంది. కొత్త కార్డు వచ్చిన రోజే మార్చుకోవాలి. అమ్మానాన్నల పేరుతో తెరిచి వదిలేసిన జీమెయిల్ ఖాతాలూ ఉంటాయి. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు.

బోరబండ వైపు పని ఎవరు చేస్తారన్నది ముందే తేల్చుకోవాలి. నెలకోసారి బీరువాలోంచి డిస్క్ తీసి, తగిలించి, కాపీ అయ్యాక మళ్లీ లోపల పెట్టడం తప్ప వేరే పని లేదు. డిస్క్ మీద తారీఖు రాసిన చీటీ అంటిస్తే ఎప్పుడు చేశారో తెలుస్తుంది. పక్కన సిలికా జెల్ పొట్లం వేస్తే వానాకాలం చెమ్మ తగ్గుతుంది. సాయం కావాలంటే డాలస్‌లో వేసవి రాత్రి 9 గంటలకు ఇక్కడ మర్నాడు ఉదయం 7:30. నాన్న కాఫీ తాగి కంప్యూటర్ ముందు కూర్చునే వేళ. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌తో అక్కణ్నుంచే చూసి సరిచేయవచ్చు. ఇదే తరహా యాప్‌లను వేయించి ఖాతాలు ఖాళీ చేసే మోసగాళ్లున్నారు కనుక, పిల్లలే వీడియో కాల్‌లో కనిపిస్తూ అడిగితే తప్ప ఆ యాప్ చూపే కోడ్ ఎవరికీ చెప్పకూడదని ఇంట్లో కచ్చితమైన మాట ఉండాలి. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు డిస్కులు మార్చుకోవాలి: అక్కడి కొత్త ఫొటోలున్నది ఇక్కడ ఉంచి, ఇక్కడిది తీసుకెళ్లాలి. ఏడాదిలో ఒక్క ప్రయాణం చేసినా ఇంటర్నెట్ అవసరం లేకుండా వందల జీబీలు సముద్రం దాటుతాయి.

ఏ కాపీనైనా తిరిగి తెరిచి చూసే వరకు నమ్మకూడదు. ఆర్నెల్లకోసారి ఒక పాత మెమో, ఒక వీడియో, ఒక అను ఫైలు డిస్క్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తీసి తెరవాలి. వీడియోను మొదట్లోనే కాకుండా మధ్యలోనూ చివరా కాసేపు నడిపించాలి. ఐదేళ్లు దాటిన డిస్క్‌లోది కొత్తదానిలోకి మార్చేయాలి. పాతదాన్ని అమ్మేసే ముందు, తాళం వేయని డిస్క్ అయితే, క్విక్ ఫార్మాట్ చాలదు, ఫైళ్లు తిరిగి తీయవచ్చు. విండోస్‌లో క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. ఒక టీబీకి కొన్ని గంటలు పడుతుంది.