విభజనలోని వివేకం

తాను రాసిన ప్రోగ్రాం మొదటిసారి పనిచేసినప్పుడు విద్యార్థికి కలిగే ఆనందం ఇంతా అంతా కాదు. అయితే ఆ ప్రోగ్రాంను రేపు మార్చవలసి వస్తే ఏమవుతుంది? అమెరికాలోని కార్నెగీ-మెలన్ విశ్వవిద్యాలయంలో సాఫ్ట్‌వేర్ రూపకల్పనను బోధించిన డేవిడ్ పార్నస్ ఈ ప్రశ్నను లోతుగా పరిశీలించి, 1972లో ఒక వ్యాసం ప్రకటించారు.

ఆయన ఎన్నుకొన్న ఉదాహరణ చిన్నది. కొన్ని పంక్తులను ఇచ్చినప్పుడు వాటికి పదసూచి తయారుచేయాలి. పంక్తిలోని మొదటి పదాన్ని తీసి చివర చేర్చుతూ పోవాలి. ‘తెలుగు సాహిత్య చరిత్ర’ అన్న పంక్తి నుండి ‘సాహిత్య చరిత్ర తెలుగు’, ‘చరిత్ర తెలుగు సాహిత్య’ అనే రూపాలు పుడతాయి. అన్ని పంక్తుల రూపాలనూ అకారాది క్రమంలో అమర్చితే, ఏ ఒక్క పదం గుర్తున్నా పంక్తి దొరుకుతుంది. చీటీలు పేర్చి పదసూచికలు కూర్చిన పండితులకు ఈ సౌకర్యం విలువ బాగా తెలుసు!

ఈ పనిని భాగాలుగా విభజించమంటే చాలామంది అది జరిగే వరుసనే అనుసరిస్తారు. చదవడం ఒక భాగం, పదాలను తిప్పడం మరొకటి, ఆపైన అమర్చడం, అచ్చువేయడం. ప్రోగ్రాం చక్కగా నడుస్తుంది. కాని అక్షరాలను మెమొరీలో నిలువచేసిన తీరు ఈ భాగాలన్నింటికీ తెలిసి ఉండాలి. ఆ తీరు మారిన నాడు అన్నింటినీ సవరించవలసిందే.

పార్నస్ మరొక మార్గం చూపారు. కష్టమైన నిర్ణయాలు, మారే అవకాశమున్న నిర్ణయాలు ఏవో ముందుగా గుర్తించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క భాగంలో దాచాలన్నారు. అప్పుడు నిలువచేసే తీరు ఒకే భాగానికి తెలిసిన రహస్యమవుతుంది. మిగిలినవి ‘ఈ పంక్తిలో, ఈ పదంలో, ఫలానా స్థానంలోని అక్షరం ఏది?’ అని దానిని అడిగి తెలుసుకొంటాయి. మార్పు ఆ ఒక్క భాగంతోనే ఆగిపోతుంది. ఈ విభజన ఒక తరగతి ప్రాజెక్టులో విజయవంతంగా అమలైంది కూడా. పరీక్షలో రెండు ప్రోగ్రాంలకూ సమానమైన మార్కులే పడవచ్చు. వాటి తేడా ఫలితంలో కనిపించేది కాదు, మార్పు కోరినప్పుడు బయటపడేది.

ఈ పద్ధతికి మూల్యం లేదనుకోరాదు. అక్షరమక్షరానికీ వేరొక భాగాన్ని పిలిస్తే వేగం తగ్గుతుంది. పార్నస్ ఈ చిక్కును దాచలేదు. విడివిడిగా రాసిన భాగాలను యంత్రభాషలోకి మార్చే దశలో కలిపివేయవచ్చునని ఆ వ్యాసంలోనే సూచించారు. నేటి కంపైలర్లు ఇటువంటి చిన్న పిలుపులను చాలావరకు తామే తొలగిస్తున్నాయి.