మన ముంగిట్లో ఆలివ్ చుట్టాలు: మల్లె, పారిజాతం



ఆలివ్ చెట్టును మనలో చాలామంది చూసి ఉండరు. అది మధ్యధరా సముద్రతీర దేశాల చెట్టు. హైదరాబాదులో 'జైతూన్ నూనె' పేరుతో అమ్మేది దాని కాయల నుంచి తీసిన నూనే. అయితే ఆ చెట్టు చుట్టాలు రెండు మన హాస్టల్ ప్రహరీ లోపలే ఉన్నాయి. అవేమిటని స్టడీ అవర్‌లో అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. నీళ్లతొట్టి దగ్గరి మల్లెపొద ఒకటి, గేటు పక్కన ఉన్న పారిజాతం ఇంకొకటి.

ఈ కుటుంబం పేరు ఓలియేసీ. ఇందులో సుమారు 25 ప్రజాతులు, 600కు పైగా జాతులు ఉన్నాయి. చాలా వాటిలో ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. పువ్వులో సాధారణంగా కేసరాలు రెండే. రేపు ఉదయం రాలిన పారిజాతం పువ్వును చీల్చి చూడండి. కొన్ని పాత పుస్తకాల్లో పారిజాతాన్ని వర్బినేసీ కుటుంబంలో చూపారు. ఇప్పుడు దాన్ని ఓలియేసీలోనే చేర్చుతున్నారు.

మొక్క రసాయనాలను ఎందుకు తయారుచేస్తుంది?

పశువు వస్తే మొక్క పారిపోలేదు. పురుగు కొరికితే చేత్తో తోలలేదు. అందుకే తనను కాపాడుకోవడానికి, తుమ్మెదలను పిలుచుకోవడానికి కొన్ని ప్రత్యేక పదార్థాలను తయారు చేసుకుంటుంది. వీటిని ద్వితీయ జీవక్రియా ఉత్పన్నాలు అంటారు. ఈ కుటుంబంలోని కొన్నింటిని చూద్దాం.

1. ఓలియూరోపిన్: పచ్చి ఆలివ్ కాయ నోట పెట్టలేనంత చేదు. ఆ చేదుకు ముఖ్య కారణం ఓలియూరోపిన్. దీన్ని 1908లో గుర్తించారు. అందుకే కాయలను ఉప్పునీటిలోనో, క్షార ద్రావణంలోనో ఊరబెట్టి చేదు పోగొట్టాకే తింటారు. ఇదే కుటుంబానికి చెందిన ప్రివెట్ అనే కంచె మొక్క ఆకుల్లోనూ ఇది ఉంది. పురుగు ఆకును నమిలినప్పుడు ఒక ఎంజైమ్ దీనితో కలిసి, దీనిలోని గ్లూకోజ్‌ను విడగొడుతుంది. మిగిలిన భాగం ఆకులోని ప్రోటీన్లను పట్టుకుంటుంది. దాంతో లైసిన్ అనే అవసరమైన అమైనో ఆమ్లం పురుగుకు అందదు. తిన్నా ఒంటికి పట్టదన్నమాట!

2. ఓలియోకాంథాల్: తాజా ఆలివ్ నూనె మింగితే గొంతులో మంట పుడుతుంది. ద్రవరూపంలోని ఐబుప్రొఫెన్ మందు మింగినా అదే మంట. ఈ పోలికను పట్టుకుని అమెరికాలో గ్యారీ బోషాంప్ బృందం పరిశోధించి, 2005లో ఓలియోకాంథాల్ గురించి ప్రకటించింది. ఆ మందు అడ్డుకునే ఎంజైములనే ఇదీ అడ్డుకుంటుంది. అయితే 50 గ్రాముల నూనె తాగినా, పెద్దల ఐబుప్రొఫెన్ మోతాదులో దాదాపు పదో వంతుకే సమానం. ఈ లెక్కను గుర్తుంచుకోండి, దీనితో తరువాత పని ఉంది.

3. మానిటాల్: ఇటలీలోని సిసిలీ దీవిలో మన్నా యాష్ అనే చెట్టు బెరడుకు గాటు పెడితే తియ్యని రసం కారి గడ్డకడుతుంది. దానిలోని పదార్థమే మానిటాల్. 1806లో ప్రూస్ట్ దాన్ని వేరుచేశాడు. స్థిరానుపాత నియమం చెప్పిన ప్రూస్ట్ ఈయనే. మెదడు వాపు తగ్గించడానికి ఆసుపత్రుల్లో సెలైన్‌లా ఎక్కించేది ఈ మానిటాల్ ద్రావణమే. ఇప్పుడు దాన్ని చక్కెరల నుంచి ఫ్యాక్టరీల్లో తయారు చేస్తున్నారు.

4. మల్లె, జాజి: వీటి పరిమళంలో బెంజైల్ అసిటేట్, లినలూల్, ఇండోల్ ముఖ్యమైనవి. ఇండోల్ ఎక్కువైతే దుర్వాసన, కొద్దిగా ఉంటే సువాసన. 1962లో జాజి తైలం నుంచి మిథైల్ జాస్మోనేట్‌ను వేరుచేశారు. 1990లో ఫార్మర్, రయాన్ అనే శాస్త్రవేత్తలు ఒక వింతను గమనించారు. దీని ఆవిరి సోకితే చాలు, టమాటా మొక్క తన ఆకుల్లో పురుగుల జీర్ణక్రియను దెబ్బతీసే ప్రోటీన్లను తయారుచేస్తుంది. అంటే మొక్కల మధ్య గాలిలో హెచ్చరికలు నడుస్తాయి!

5. పారిజాతం: పువ్వు కాడకు నారింజ రంగునిచ్చేవి కుంకుమపువ్వులో ఉండే క్రోసిన్ వర్గం పదార్థాలే. మేము ఇరవై పూల కాడలను గోరువెచ్చని నీటిలో వేశాం. నీరు పసుపుగా మారింది. అందులో రెండు తెల్ల రుమాళ్లను ముంచి ఆరబెట్టాం. ఒకదాన్ని ట్రంకుపెట్టెలో దాచాం, రెండోదాన్ని కిటికీలో ఎండ తగిలేలా కట్టాం. రెండు వారాలకు కిటికీలోది వెలిసిపోయింది. వెలుతురుకు ఈ రంగు విరిగిపోతుందని అలా తెలుసుకున్నాం. పైసా ఖర్చు లేని ప్రయోగం ఇది, మీరూ చేయండి.

ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం

పోయిన వానాకాలంలో ఫస్టియర్ తమ్ముడొకడికి చలిజ్వరం వచ్చింది. పారిజాతం ఆకు జ్వరానికి మంచిదని ఎక్కడో చదివి, మేమే కషాయం కాచి మూడు రోజులు తాగించాం. జ్వరం దిగలేదు. వాడు లేచి నిలబడలేని స్థితికి వచ్చాక వార్డెన్ గారికి చెప్పాం. ఆయన వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. మాత్రలతో కోలుకున్నాడు. ఆ మూడు రోజుల ఆలస్యం మాత్రం మా తప్పే.

ఆకులో మంచి పదార్థం ఉండటం వేరు, అది మందు కావడం వేరు. ఏ పదార్థమో తేల్చాలి, వేరుచేయాలి, ఎంత మోతాదు పనిచేస్తుందో, ఎంత దాటితే హానో పరీక్షించాలి. మానిటాల్ ఆ మెట్లన్నీ ఎక్కింది కనుకే డాక్టరు చేతిలో ఉంది. మేము కాచిన గ్లాసులో ఏది ఎంత ఉందో మాకే తెలియదు. నూనె లెక్క గుర్తుందా? పదో వంతు మందు జ్వరాన్ని దించదు. పైగా జ్వరం ఒకటే అయినా కారణాలు అనేకం.

గుర్తుంచుకోవలసినవి:
• జ్వరం వస్తే ముందు వార్డెన్ గారికి చెప్పాలి, రక్తపరీక్ష చేయించాలి.
• సహజమైనదంతా క్షేమమని అనుకోరాదు.
• పెద్దల వైద్యజ్ఞానాన్ని వెక్కిరించవద్దు, పరీక్షించకుండా నమ్మనూ వద్దు.

ఆర్గానిక్ కెమిస్ట్రీ అంటే భయపడే తమ్ముళ్లారా! ఆ పాఠం పుస్తకంలోనే కాదు, గేటు పక్కన రోజూ తెల్లవారుజామున రాలుతూనే ఉంది. దోసిలి పట్టి ఏరుకుని, ప్రశ్నలు అడగండి. ఆ పదార్థాలను రేపు ప్రయోగశాలలో వేరుచేసేవాడు మన హాస్టల్ వాడే ఎందుకు కాకూడదు?

– సీనియర్ ఇంటర్ బై.పి.సి. విద్యార్థులు